ప్రాజెక్ట్ జోంబాయిడ్: అపొకలిప్స్, సర్వైవర్, బిల్డర్‌లలో దేనితో మొదలుపెట్టాలి?

తొలకరి (మధురవాడ) · రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పరీక్షలు అయిపోయాయి, ప్రాజెక్ట్ జోంబాయిడ్ అనే జాంబీల కంప్యూటర్ ఆట కొన్నాను. స్థిరమైన 41వ బిల్డ్‌నే (వెర్షన్) వేసుకున్నాను. నా ల్యాప్‌టాప్‌లో వేరుగా గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా ఇబ్బంది లేకుండా నడుస్తోంది. కొత్త ఆట మొదలుపెట్టబోతే అపొకలిప్స్, సర్వైవర్, బిల్డర్ అని మూడు మోడ్‌లు, వాటితోపాటు అమరికలన్నీ మనమే మార్చుకునే సాండ్‌బాక్స్, ఇంకా కొన్ని ప్రత్యేక సవాళ్లు కనిపించాయి. అక్కడే ఆగిపోయాను.

మా గదిలో ఒకడు అపొకలిప్స్ తప్ప మరొకటి ముట్టుకోవద్దంటాడు. ఇంకొకడు బిల్డర్‌లో చేయి తిరిగాక పైకి వెళ్లమంటాడు. ఎందుకని అడిగితే ఇద్దరూ సరిగా చెప్పలేకపోయారు. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఈ మూడింటి మధ్య అసలు మారేది ఏమిటి? జాంబీల బలమా, సంఖ్యా, దొరికే సామానా? ఈ ఆటలో చనిపోయిన మనిషి తిరిగి రాడు కాబట్టి, తెలుసుకునే దిగాలని ఉంది.

ఎర్రమట్టిదిబ్బలు (భీమిలి) · రాత్రి 9:24

అపొకలిప్స్. రెండో ఆలోచన వద్దు.

మీరు ఎలా చనిపోయారో చెప్పే కథ ఇది అని మొదటి తెరమీదే రాసి పెట్టిన ఆట. ఆ మాటకు కట్టుబడి తయారైన మోడ్ అదొక్కటే. అందులో మీ కర్ర ఒక ఊపుకు ఒక్క జాంబీకే తగులుతుంది. ముగ్గురు ఒకేసారి మీదికొస్తే మొదటివాణ్ని కొట్టేలోపు రెండోవాడు చెయ్యి పట్టుకుంటాడు. అందుకే వెనక్కి నడుస్తూ వాళ్లను వరుసలోకి తెచ్చుకోవడం, కంచె దాటించి కిందపడ్డాక కొట్టడం, ఆయాసం రాకముందే పోరు వదిలేసి వెళ్లిపోవడం నేర్చుకుంటారు. బిల్డర్‌లో వచ్చిన అలవాట్లు ఇక్కడికి తెచ్చుకుంటే మొదటి వీధి మలుపులోనే పోతారు.

తోటమాలి (సీతమ్మధార) · రాత్రి 9:51

ఎర్రమట్టిదిబ్బలు గారూ, ప్రతి కొత్తవారికీ మీరు ఇదే సలహా ఇస్తారు. ఆ తర్వాత వారిలో చాలామంది మళ్లీ ఈ విభాగంలో కనిపించరు.

నేను చాలాకాలంగా బిల్డరే ఆడుతున్నాను. ఆఫీసు, వంట, పిల్లల చదువు అన్నీ అయ్యాక నాకు మిగిలేది గంట సమయం. ఆ గంటలో నేను ఇల్లు కడతాను, ముళ్లంగి, బంగాళాదుంప, క్యాబేజీ వేస్తాను, ఆకులకు తెగులు పట్టిందేమో చూసుకుంటాను, వానకు పీపాలు నిండాయో లేదో చూస్తాను. జాంబీలు ఉంటాయి, తక్కువగా ఉంటాయి, వచ్చినప్పుడు భయం కూడా ఉంటుంది. నేను ఆడేది ఆట కాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఈ ఆటలో వడ్రంగం, సేద్యం, చేపలు పట్టడం, వంట, కుట్టుపని ఇంత లోతుగా పెట్టినవారు వాటిని ఎవరూ చూడకూడదని పెట్టి ఉండరు. అపొకలిప్స్‌లో ఎక్కువమంది మొదటి వారంలోనే పోతారు. వాళ్లు నాటిన మొక్క మొలకెత్తడం కూడా చూడరు.

తొలకరి, బిల్డర్‌తో మొదలుపెట్టు బాబూ. కిటికీకి దుప్పటి ఎలా కట్టాలో, డబ్బా మూత తీసే పరికరం లేకపోతే ఏమవుతుందో, పగిలిన గాజు తీయకుండా కిటికీ ఎక్కితే ఏమవుతుందో ముందు తెలియాలి కదా.

ఉక్కునగరం · రాత్రి 10:37

తొలకరి అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. చెప్పేదంతా 41వ బిల్డ్ గురించే.

ముందు మూడింటిలోనూ ఉండే సంగతులు. ఆట 1993 జులై 9న మొదలవుతుంది. స్థలం అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. మూల్‌డ్రా, వెస్ట్ పాయింట్, రివర్‌సైడ్, రోజ్‌వుడ్ అనే నాలుగు ఊళ్లలో ఎక్కడ మొదలుపెట్టాలో మీరే ఎంచుకుంటారు. లూయీవిల్ మహానగరం కూడా మ్యాపులో ఉంది. జాంబీ గీరితే జబ్బు సోకే అవకాశం 7 శాతం. చర్మం చీలేలా రక్కితే 25 శాతం. కాటు పడితే ఇక తప్పించుకునే దారి లేదు. ఆటలో ఆ జబ్బుకు మందు లేదు, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. కరెంటూ, కుళాయి నీళ్లూ మొదటి నెలలో ఏదో ఒక రోజు ఆగిపోతాయి. ఏ రోజో ముందుగా తెలియదు.

ఇక తేడాలు. చాలామంది జాంబీల ప్రాణశక్తి పెంచడమే కష్టం పెంచడం అనుకుంటారు. ఈ ఆటలో అపొకలిప్స్‌కూ సర్వైవర్‌కూ మధ్య నేను మొదట చెప్పే తేడా అది కాదు, ఒక నియమం. సర్వైవర్‌లో ఒక దెబ్బ పక్కపక్కనున్న ఒకరికంటే ఎక్కువ జాంబీలకు తగులుతుంది. అపొకలిప్స్‌లో ఒక్కదానికే. కాగితం మీద చిన్న విషయంలాగే ఉంటుంది. ఆడితే మాత్రం రెండూ వేర్వేరు ఆటలు. సర్వైవర్‌లో గొడ్డలి చేతికొస్తే వీధి శుభ్రం చేసి ఇల్లు పట్టుకోవచ్చు. అపొకలిప్స్‌లో అదే గొడ్డలితో అదే వీధిలోకి వెళితే నలుగురి దగ్గరే లెక్క తప్పుతుంది, కాబట్టి మీరు వీధిని కాదు, ఏ ఇంట్లోకి ఎటునుంచి నక్కుతూ వెళ్లాలో చూస్తారు. కర్టెన్లు మూస్తారు. చీకటి పడకముందే వెనక్కి వస్తారు. మొదటిది పోరాడేవాడి ఆట, రెండోది దాక్కునేవాడి ఆట.

బిల్డర్ ఈ రెండింటికీ పక్కన ఉంటుంది. మంద పలుచగా ఉంటుంది, కట్టుకోవడానికీ పండించుకోవడానికీ తీరిక దొరుకుతుంది. దాన్ని నేను కింది మెట్టు అనను. అక్కడ పరీక్ష పెట్టేది జాంబీ కాదు, చలికాలం. జులైలో మొదలైన ఆట డిసెంబరు దాకా సాగితే నిల్వచేసిన తిండి ఎంతుందో అప్పుడు తెలుస్తుంది.

కాబట్టి తొలకరి, ఏది తేలికో చూసి ఎంచుకోవద్దు. ఏ తప్పుకు శిక్ష పడాలని మీకుందో చూడండి. తొందరపడి చెయ్యెత్తినందుకా, ముందుచూపు లేనందుకా?

ఊళ్ల గురించి ఒక మాట. మోడ్ ఎంత ముఖ్యమో ఊరూ అంతే. రోజ్‌వుడ్ మన విశాఖ శివారులోని ప్రశాంతమైన యారాడ లాంటిదనుకోండి. లూయీవిల్ అంటే పండగ ముందు సాయంత్రం జనంతో కిక్కిరిసిన జగదాంబ కూడలే. బిల్డర్ మోడ్‌లో లూయీవిల్ వీధులకంటే అపొకలిప్స్‌లో రోజ్‌వుడ్ శివారే నాకు నెమ్మదిగా అనిపించింది.

డాల్ఫిన్‌నోస్ (గాజువాక) · రాత్రి 11:05

ఉక్కునగరం గారి విశ్లేషణ బాగుంది. కానీ అంకెలను మరీ చిన్నచూపు చూశారనిపించింది. వేరే ఆట నుంచి ఉదాహరణ ఇస్తాను.

లెఫ్ట్ ఫర్ డెడ్ 2 వచ్చింది 2009లో. ద్వారకానగర్ నెట్ సెంటర్లలో నలుగురం పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చుని ఆడిన ఆట. ఈజీ, నార్మల్, అడ్వాన్స్‌డ్, ఎక్స్‌పర్ట్ అని నాలుగు స్థాయిలు. మామూలు జాంబీ ఒక దెబ్బ కొడితే ఈజీలో 1, నార్మల్‌లో 2, అడ్వాన్స్‌డ్‌లో 5, ఎక్స్‌పర్ట్‌లో 20 పోతుంది. మన మొత్తం ప్రాణం 100. నార్మల్‌లో మందలోకి దూకి నడుచుకుంటూ బయటికి వచ్చేయవచ్చు. ఎక్స్‌పర్ట్‌లో ఐదు దెబ్బలు తగిలితే నేల మీద పడతాం.

ఇంకొకటి, మన తూటా మనవాడికి తగిలితే ఏమవుతుందన్నది. ఈజీలో ఏమీ కాదు. నార్మల్‌లో పదోవంతు, అడ్వాన్స్‌డ్‌లో 30 శాతం, ఎక్స్‌పర్ట్‌లో సగం నష్టం మనవాడికి పడుతుంది. ఈ ఒక్క అంకె మారగానే ముందున్నవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని కాలుస్తారు, వెనకున్నవాళ్లు వాళ్ల తలల మీదుగా కాలుస్తారు. ద్వారం దగ్గర ఎవరు నిలబడాలో ముందే మాట్లాడుకుంటారు. అంకె పెరిగింది, దాంతో మనుషుల నడత మారింది. అంటే అంకె కూడా నియమంలా పనిచేయగలదు.

పని చేయని అంకెలూ ఉన్నాయి, అది ఒప్పుకుంటాను. ట్యాంక్ అనే పెద్ద జాంబీకి నార్మల్‌లో 4000 ప్రాణం, ఎక్స్‌పర్ట్‌లో 8000. దానివల్ల ఎక్కువసేపు కాలుస్తాం, అంతే. కొత్తగా ఆలోచించాల్సింది పెద్దగా ఏమీ రాదు.

ఉక్కునగరం · రాత్రి 11:18

డాల్ఫిన్‌నోస్, ఇది చాలా మంచి ఉదాహరణ. 2 నుంచి 20కి పెంచడం, 4000 నుంచి 8000కు పెంచడం రెండూ పెంచడమే. మొదటిది ఆడేవాడి నిర్ణయాన్ని మారుస్తుంది, రెండోది సమయాన్ని మాత్రమే తింటుంది. నేను చెప్పదలచుకున్నదాన్ని నాకంటే సూటిగా చెప్పారు.

అదే ఆటలో రియలిజం మోడ్ సంగతి కూడా రాయండి. అది ఈ చర్చకు ఇంకా దగ్గర.

డాల్ఫిన్‌నోస్ (గాజువాక) · రాత్రి 11:31

రియలిజం అనేది ఆ నాలుగు స్థాయిల్లో దేనిమీదైనా వేసుకోగల మరో పొర. మామూలుగా మనవాళ్లు గోడ అవతలున్నా వాళ్ల చుట్టూ మెరిసే గీత కనిపిస్తుంది. రియలిజంలో ఆ గీత ఉండదు. చనిపోయినవాడు తర్వాత ఏదో గదిలో దొరకడు. గుండెకు షాక్ ఇచ్చే పరికరం డీఫిబ్రిలేటర్ ఉంటేనే లేపగలం. విచ్ అనే ప్రత్యేక జాంబీ దగ్గరికి వెళ్లి రెచ్చగొడితే మన ప్రాణం పోవడానికి దాని ఒక్క దెబ్బ చాలు. దానివల్ల మా ఆటలో మొట్టమొదట మారింది మాట. గీతలు ఉన్నప్పుడు ఎవరూ నోరు విప్పేవారు కాదు. అవి పోయాక "నేను మెట్ల దగ్గర ఉన్నాను", "నా వెనక ఎవరు" అని అందరూ ఆగకుండా మాట్లాడేవారు. నార్మల్ మీద రియలిజం వేసి ఆడిన ఆటలే, ఒట్టి అడ్వాన్స్‌డ్ ఆటలకంటే నాకు బాగా గుర్తున్నాయి.

రాత్రిపాళీ (గోపాలపట్నం) · ఉదయం 6:20

డ్యూటీ దిగి వచ్చి ఇదంతా చదివాను. నిద్రకు ముందు నా మాట కూడా.

కష్టస్థాయిలో నన్ను అందరికంటే ఎక్కువ భయపెట్టింది జాంబీ కాదు, ఆటను భద్రపరిచే (సేవ్ చేసే) హక్కు. 2019లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2 కొత్త రూపంలో అసిస్టెడ్, స్టాండర్డ్, హార్డ్‌కోర్ అని మూడున్నాయి. అసిస్టెడ్‌లో గాయం కొంతవరకు దానంతటదే మానుతుంది. స్టాండర్డ్‌లో టైప్‌రైటర్ దగ్గర ఎన్నిసార్లయినా భద్రపరుచుకోవచ్చు, ఆట తనంతట తానుగా కూడా అక్కడక్కడా భద్రపరుస్తుంది. హార్డ్‌కోర్‌లో ఆ వెసులుబాటు పోతుంది. ఇంకు రిబ్బను ఉంటేనే టైప్‌రైటర్ పనిచేస్తుంది, ఆ రిబ్బన్లు లెక్కపెట్టినన్నే దొరుకుతాయి. ఆ మోడ్‌లో అత్యున్నత శ్రేణి కావాలంటే రెండున్నర గంటల్లోపు, మూడుసార్లకు మించి భద్రపరచకుండా పూర్తిచేయాలి.

పోలీసు స్టేషన్ నడవా అదే, జాంబీలు కూడా దాదాపు అవే. కానీ చేతిలో ఒకే రిబ్బను ఉండి, అరగంటగా భద్రపరచకుండా నడుస్తున్నప్పుడు ఆ నడవా పొడుగు పెరుగుతుంది. ప్రతి తలుపు దగ్గరా ఆగి వింటాం. ఇది నాకు వేరే ఏ పెంపులోనూ దొరకలేదు.

2013 నాటి ద లాస్ట్ ఆఫ్ అస్ కూడా ఇదే దారి పట్టింది. గోడల వెనక శత్రువుల కదలిక వినిపించే శక్తి మామూలు స్థాయిల్లో ఉంటుంది. ఆ ఆటలోని సర్వైవర్ స్థాయిలో దాన్ని తీసేస్తారు. గ్రౌండెడ్ అనే ఇంకా కఠిన స్థాయిలో తెరమీద ప్రాణం ఎంతుందో, తూటాలెన్నో చూపే గుర్తులు కూడా ఉండవు. మన జేబులో ఏముందో మనమే గుర్తుపెట్టుకోవాలి. 2020లో వచ్చిన రెండో భాగంలో మరో మంచి పని చేశారు. ఆడేవారు, శత్రువులు, తోడున్నవారు, నక్కి నడవడం, దొరికే సామాను అని ఐదు విడి మీటలు పెట్టారు. శత్రువులను కఠినంగా ఉంచి సామాను మాత్రం ధారాళంగా పెట్టుకోవచ్చు. మనిషికి ఏది భయమో అది మాత్రమే పెంచుకునే వీలు.

తొలకరి, జోంబాయిడ్‌లో ఆ మీటలన్నీ సాండ్‌బాక్స్‌లో ఉన్నాయి. అక్కడికి వెళ్లు.

ఎర్రమట్టిదిబ్బలు (భీమిలి) · ఉదయం 8:02

సాండ్‌బాక్స్ మీద నాకున్న అభ్యంతరం చెబుతాను. అందరూ ఒకే నియమాల కింద ఆడినప్పుడే ఒకరి అనుభవం ఇంకొకరికి పనికొస్తుంది. నేను అపొకలిప్స్‌లో చలికాలం దాటానని చెబితే, వినేవారికి దాని బరువు తెలుస్తుంది. ఎవరికి వారు మీటలు మార్చుకుంటే మనం మాట్లాడుకునేది ఒకే ఆట గురించేనా? కొత్తవారు మొదటి ఓటమికే మీట తగ్గించేస్తే, ఆ ఓటమి నేర్పాల్సింది నేర్పకుండానే పోతుంది. తోటమాలి గారి ఆటను తక్కువ చేయాలని కాదు. నాకు ఆ ఒకే కొలత చాలా విలువైనది.

తోటమాలి (సీతమ్మధార) · ఉదయం 10:40

మీ మాటలో న్యాయం ఉంది. పోటీగా చెప్పుకోవాలంటే ఒకే కొలత కావాలి. కానీ నేను ఎవరితోనూ పోటీపడటం లేదు.

ఉక్కునగరం గారు కరెంటు పోవడం గురించి రాశారు కదా, దాని మీద నాకు చెప్పాలని ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖ మీదికి వచ్చినప్పుడు ఇక్కడున్నవారికి ఈ ఆటలోని ఆ భాగం వేరేగా తగులుతుంది. గాలి ఆగాక బయటికొస్తే వీధి నిండా చెట్లు, పడిపోయిన స్తంభాలు. కరెంటు లేదు, ఫోనులో సిగ్నల్ లేదు. మోటారు తిరగదు కాబట్టి పైన ట్యాంకు ఖాళీ. బిందెలు పట్టుకుని నీళ్ల లారీ కోసం నిలబడ్డాం. పాల ప్యాకెట్టు కోసం, పెట్రోలు కోసం వరుసలు. ఫ్రిజ్‌లో ఉన్నది పాడయ్యేలోపు ఏది ముందు వండాలన్నదే ఆ రోజు పెద్ద లెక్క.

ఆటలో కరెంటు ఆగిన రోజు అదే లెక్క మళ్లీ వచ్చింది. మాంసం, పాలు ముందు. డబ్బాలు తర్వాత. నీళ్లు ఆగకముందే గిన్నెలు, సీసాలు, తొట్లు అన్నీ నింపిపెట్టాలి. పక్క ఇళ్ల సింకుల్లో, స్నానపు తొట్లలో మిగిలిన నీళ్లు కూడా పనికొస్తాయి. వాన నీళ్లు అలాగే తాగకూడదు, కాచాలి. పై అంతస్తులో వాన పీపా పెట్టి, పైపు రెంచితో కింది సింకుకు కలిపితే మాత్రం మళ్లీ కుళాయి తిప్పి మంచినీళ్లు తాగవచ్చు. అది మొదటిసారి పనిచేసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ పోరులోనూ రాలేదు.

జాంబీలను తగ్గించినంత మాత్రాన ఇది తేలిక కాదు. భయం ఉండే చోటు మారుతుంది. ఎర్రమట్టిదిబ్బలు గారూ, మీరు ఒక్కసారి బిల్డర్‌లో ఒక శీతకాలం గడిపి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

తొలకరి (మధురవాడ) · మధ్యాహ్నం 1:15

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇన్ని కోణాలు ఉంటాయనుకోలేదు. నిన్న రాత్రి అపొకలిప్స్‌లో ఒక మనిషిని పెట్టి చూశాను. ఒక ఇంటి కిటికీ తెరిచానో లేదో అలారం మోగింది, వీధంతా అటే వచ్చింది. అక్కడితో ముగిసింది. ఆ తర్వాత అదే లోకంలో కొత్త మనిషిగా మళ్లీ దిగవచ్చని చూసి ఆశ్చర్యపోయాను. పాత మనిషి జాంబీగా ఆ ఇంటి దగ్గరే తిరుగుతున్నాడు, నా సంచి ఇంకా వీపుకే ఉంది! ఆ సంచి తెచ్చుకున్నాను. కాసేపు చాలా బాధగా కూడా అనిపించింది.

ఇప్పుడు సాండ్‌బాక్స్ తెరిచాను. అంకెలు చాలా ఉన్నాయి. మంద పరిమాణం, శిఖర దినం, తిరిగి పుట్టే గంటలు. వీటిలో ఏది మారిస్తే ఆట నిజంగా మారుతుంది? ఏవి ముట్టుకోకుండా వదిలేయాలి? పరుగెత్తే జాంబీలు ఎవరికైనా నచ్చాయా?

ఉక్కునగరం · మధ్యాహ్నం 2:48

సాండ్‌బాక్స్‌లో ఖాళీ పలకతో మొదలుపెట్టకండి. పైన ఏదో ఒక మోడ్‌ను ఆధారంగా ఎంచుకుని, దానిలో ఒకటో రెండో మాత్రమే మార్చండి. మీ విషయంలో అయితే ఆధారం అపొకలిప్స్, మార్పు ఒక్కటే. ఆయుధం ఒకేసారి అనేకమందికి తగిలే ఎంపికను ఆన్ చేయండి. అలా చేస్తే నక్కి నడవాల్సిన అవసరం ఉంటుంది, కానీ మూలకు చిక్కినప్పుడు బయటపడే ఒక దారి కూడా ఉంటుంది. చేయి కుదిరాక దాన్ని తీసేయండి. ఎర్రమట్టిదిబ్బలు గారు చెప్పే ఆటలోకి అప్పుడు మీ అంతట మీరే వెళతారు.

మంద విషయం. జాంబీల సంఖ్యను నిర్ణయించే మామూలు గుణకం 1.0. మొదటి రోజు కూడా 1.0, అక్కడి నుంచి పెరుగుతూ 28వ రోజుకు, అంటే శిఖర దినానికి, 1.5 అవుతుంది. అంటే మొదటి వారంలో ఉన్న నెమ్మది ఒక నెల తర్వాత ఉండదని లెక్కలోనే రాసిపెట్టారు. మొదటి వారంలో ఊళ్లోకి వెళ్లి తెచ్చుకోవాల్సినవి అప్పుడే తెచ్చుకోవాలి. జనరేటర్ నడపడం నేర్పే పత్రిక వాటిలో మొదటిది. మీ మనిషి ఎలక్ట్రీషియన్ అయితే ఆ వెతుకులాట తప్పుతుంది. జనరేటర్‌ను ఎప్పుడూ ఇంటి బయటే పెట్టండి, లోపల పెడితే పొగకే ప్రాణం పోతుంది.

తిరిగి పుట్టడం: ప్రతి 72 గంటలకు ఒకసారి, మీరు 16 గంటలుగా చూడని చోట్ల, మొదట ఉన్నవాటిలో పదోవంతు మళ్లీ వస్తాయి. ఇవి ఆటలో గడిచే గంటలు. నేను దీన్ని మార్చను.

పరుగెత్తే జాంబీల సంగతి: అది మరో మెట్టు కాదు, ఆట పునాదినే మార్చేస్తుంది. ఈ ఆటలోని పోరంతా మీరు నడిచినా వాటికంటే కాస్త వేగంగా ఉంటారన్న నమ్మకం మీద కట్టింది. వెనక్కి నడవడం, దారి మళ్లించడం, కంచె దూకడం, అన్నీ దానివల్లే పనిచేస్తాయి. ఆ నమ్మకం తీసేశాక మిగతా మీటలన్నీ మళ్లీ సరిచూసుకోవాల్సిందే. పరుగు పెడితే మందను బాగా తగ్గించండి.

తోటమాలి (సీతమ్మధార) · సాయంత్రం 4:30

తిరిగి పుట్టడం గురించి ఉక్కునగరం గారితో నాకు గట్టి భేదం. నేను దాన్ని పూర్తిగా ఆపేస్తాను. ఎంతో శ్రమపడి ఒక వీధిని శుభ్రం చేశాను, శవాలను పూడ్చాను, కంచె కట్టాను. మూడు రోజులకు అదే చోట ఎక్కడి నుంచో కొత్తవి పుట్టుకొస్తే నా శ్రమకు అర్థమేమిటి? దూరం నుంచి నడిచొస్తే ఒప్పుకుంటాను. శబ్దం విని వస్తే ఒప్పుకుంటాను. గాలిలోంచి పుట్టడం మాత్రం ఒప్పుకోను.

ఎర్రమట్టిదిబ్బలు (భీమిలి) · సాయంత్రం 5:12

ఆపేస్తే ఏదో ఒక రోజుకు ఆట ఖాళీ అయిపోతుంది. ఓపికున్నవారు ఊరంతా తుడిచేస్తారు, తర్వాత మిగిలేది తోటపనే. ముప్పు ఎప్పుడూ పూర్తిగా పోకూడదు.

అయితే ఒక మాట. గాలిలోంచి పుట్టడం అన్యాయం అన్నది నిజమే. దానికి బదులు తిరిగి పుట్టడం ఆపేసి, మంద గుణకాన్ని మొదటి నుంచే పెంచితే? అప్పుడు ప్రతి జాంబీ లెక్కలో ఉన్నదే అవుతుంది. గుంపులు చోటు మారడం ఎలాగూ జరుగుతూనే ఉంటుంది, ఖాళీ చేసిన చోటికి పక్క నుంచి జరుగుతాయి. తుడవడానికి చాలా కాలం పడుతుంది, తుడిచినది మీదే అవుతుంది.

తోటమాలి (సీతమ్మధార) · సాయంత్రం 5:26

ఇది నాకు నచ్చింది. నిజంగా. ఈ రాత్రికే కొత్త లోకం మొదలుపెడతాను.

రాత్రిపాళీ (గోపాలపట్నం) · సాయంత్రం 6:05

డ్యూటీకి బయల్దేరుతున్నాను, ఒక్క హెచ్చరిక. ఏ మీటలు మార్చినా హెలికాప్టర్‌ను మరవకండి. మామూలు అమరికలో అది ఒక్కసారే, 6 నుంచి 9వ రోజు మధ్య వస్తుంది. ఆరుబయట కనబడితే మీ వెంట పడుతుంది, ఆ శబ్దానికి చుట్టుపక్కల ఉన్నవన్నీ మీ వైపే నడుస్తాయి. ఆ రోజు మీ స్థావరంలో ఉండకండి. కొంచెం దూరంలో ఇంకో ఇల్లు ముందే చూసిపెట్టుకుని, తిండీ నీళ్లూ పెట్టుకుని, లోపలే ఉండండి. మొదటిసారి ఆడేవారు తోట, కంచె అన్నీ కట్టుకుని నిశ్చింతగా ఉన్న సమయానికి సరిగ్గా వస్తుంది అది. దాన్ని ఆపేసే ఎంపిక ఉంది. ఆపవద్దని నా సలహా.

డాల్ఫిన్‌నోస్ (గాజువాక) · రాత్రి 7:40

నలుగురు కలిసి ఆడాలనుకుంటే 41వ బిల్డ్‌లో అది కూడా ఉంది. మంద గుణకం పెంచడానికి అసలైన కారణం అప్పుడు దొరుకుతుంది. ఒక్కరికి సరిపోయే మంద నలుగురికి చాలదు. నెట్ సెంటర్ రోజుల్లో పక్కవాడి భుజం తట్టి పిలిచేవాళ్లం. ఇప్పుడు అందరూ వేర్వేరు ఊళ్లలో ఉన్నారు, అయినా శనివారం రాత్రి ఒక గంట కుదుర్చుకుంటున్నాం. తొలకరి, మీ గదిలోవాళ్లను కూడా తీసుకురండి.

తొలకరి (మధురవాడ) · రాత్రి 8:55

తప్పకుండా. ప్రస్తుతానికి ఉక్కునగరం గారు చెప్పిన అమరికే పెట్టుకుంటున్నాను. ఆధారం అపొకలిప్స్, ఒక దెబ్బ అనేకమందికి తగిలే ఎంపిక ఆన్, హెలికాప్టర్ అలాగే, ఊరు రోజ్‌వుడ్. చివరిగా రెండు ప్రశ్నలు. ఆట మధ్యలో ఈ అమరికలు మార్చుకోవచ్చా? రోజ్‌వుడ్‌లో మొదట ఎటు వెళ్లాలి?

ఉక్కునగరం · రాత్రి 9:20

ఒంటరిగా ఆడేటప్పుడు మధ్యలో మార్చడానికి ఆటలోనే దారి లేదు. స్టీమ్ వర్క్‌షాప్‌లో అందుకోసం కొందరు చేసిన అదనపు సవరణ దొరుకుతుంది. కానీ మొదటి ఆటకు అది వేసుకోవద్దు. మార్చుకునే వీలుందని తెలిస్తే ప్రతి ఇబ్బందిలోనూ చేయి అటే వెళుతుంది. మీ అమరికకు ఒక పేరు పెట్టి భద్రపరచుకోండి, తర్వాతి మనిషికి పనికొస్తుంది.

ఎర్రమట్టిదిబ్బలు (భీమిలి) · రాత్రి 9:34

రోజ్‌వుడ్‌లో అగ్నిమాపక కేంద్రం ఉంది. గొడ్డలి దొరికే అవకాశం అక్కడే ఎక్కువ, అగ్నిమాపక సిబ్బంది మందపాటి కోటు కూడా దొరకవచ్చు. అది జాంబీల గీరుళ్ల నుంచి బాగా కాపాడుతుంది. పోలీసు స్టేషన్ కూడా ఆ ఊళ్లోనే ఉంది, కానీ మొదటి రోజే తుపాకీ కాల్చకండి. శబ్దం చాలా దూరం వెళుతుంది. పగలు వెళ్లండి, కేంద్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, వెనక నుంచి లోపలికి వెళ్లండి. ఆయాసం గుర్తు కనిపించిన వెంటనే పోరు ఆపేయండి.